పండగ తగ్గింపుల్లో టీవీ, స్మార్ట్ పరికరాలు కొనేవారికి: ఆరు వారాల ముందు నుంచి చేయవలసిన పని

మా గోదావరి జిల్లాల్లో పెద్ద వస్తువు కొనడం చేతికి సొమ్ము వచ్చే కాలాన్ని బట్టి జరుగుతుంది. సార్వా (ఖరీఫ్) ధాన్యం సొమ్ము డిసెంబరులో, దాళ్వా (రబీ) సొమ్ము ఏప్రిల్, మే నెలల్లో అందుతుంది. కొబ్బరి దింపు తీసినప్పుడల్లా కొంత, చేపల చెరువు పట్టుబడి పట్టినప్పుడు కొంత వస్తూ ఉంటుంది. ఆన్‌లైన్ సంస్థల తగ్గింపులకు ఈ లెక్కతో పని లేదు. ఏడాదిలో అన్నిటికంటే పెద్దవైన అమెజాన్ గ్రేట్ ఇండియన్ ఫెస్టివల్, ఫ్లిప్‌కార్ట్ బిగ్ బిలియన్ డేస్ దసరాకు ముందే మొదలవుతాయి. 2025లో రెండూ సెప్టెంబరు 23నే తెరుచుకున్నాయి. అప్పటికి మన సార్వా చేలు ఇంకా పచ్చగానే ఉంటాయి. అందుకే చాలామంది అయితే దసరాకు వాయిదాల మీద తొందరపడి కొంటారు, లేకపోతే సంక్రాంతికి కొత్త అల్లుడు వస్తున్నాడని భోగికి రెండు రోజుల ముందు అమలాపురమో, భీమవరమో వెళ్లి, బేరమాడే తీరిక లేక, చెప్పిన ధరకు తెచ్చుకుంటారు. ఈ రెండు పద్ధతుల్లోనూ నష్టపోయేది మనమే. తగ్గింపు అన్నది సేల్ మొదలైన రోజున దొరికేది కాదు, అంతకు ఆరు వారాల ముందు ఒక నోటు పుస్తకంలో మొదలయ్యేది అని నేను బంధువులకూ స్నేహితులకూ టీవీలు కొనిపెడుతూ నేర్చుకున్నాను. ఆ పద్ధతినే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా ధర సంగతి పక్కన పెట్టి, గోడ దగ్గర టేపు పట్టుకోండి. టీవీ పెట్టే గోడ నుంచి మనం కూర్చునే కుర్చీ దాకా ఎన్ని అడుగులుందో కొలవండి. ఐదారు అడుగులుంటే 43 అంగుళాల తెర హాయిగా సరిపోతుంది. ఏడెనిమిది అడుగులుంటే 55 అంగుళాలదాని గురించి ఆలోచించవచ్చు. అంగుళాలంటే తెర వెడల్పు కాదు, ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఉండే కొలత. పెట్టె మీద అది సెంటీమీటర్లలో ఉంటుంది: 43 అంగుళాలంటే దాదాపు 109, 55 అంటే దాదాపు 140. కొలత ముందే తేల్చుకోకపోతే, సేల్ రోజున "ఇంకో నాలుగు వేలు వేస్తే పెద్దది వస్తుంది కదా" అన్న ఆశ మనిషిని ఎక్కడికో తీసుకుపోతుంది.

కొలత తేలాక రెండు మూడు మోడళ్లు ఎంచుకుని, వాటి పూర్తి మోడల్ నంబరును చివరి అక్షరం దాకా నోటు పుస్తకంలో రాసుకోండి. ఈ ఒక్క పనిలో బద్ధకించినవారు తరువాత చేసే పోలికలన్నీ తప్పుతాయి. ఒకే కంపెనీ, చూడడానికి ఒకేలా ఉండే టీవీని ఆన్‌లైన్‌కు ఒక నంబరుతో, దుకాణాలకు మరో నంబరుతో పంపుతుంది. తేడా ఒకటి రెండు అక్షరాలే అయినా, లోపల స్పీకర్ల శక్తి, సెట్‌టాప్ బాక్సు వంటివి తగిలించే హెచ్‌డీఎంఐ పోర్టుల సంఖ్య, కొన్నిసార్లు తెర రకం కూడా మారిపోవచ్చు. నంబరుతో పాటు ఈ నాలుగు వివరాలు రాయండి: హెచ్‌డీఎంఐ పోర్టులు ఎన్ని, లోపలి స్టోరేజీ ఎంత, తెర అసలు రిఫ్రెష్ రేటు (సెకనుకు బొమ్మ ఎన్నిసార్లు మారుతుందో) ఎంత, వారంటీ ఎన్నేళ్లు. స్టోరేజీ 8 జీబీ ఉన్న టీవీ యాప్‌లు, అప్‌డేట్‌లు పెరిగేకొద్దీ త్వరగా నిండి నెమ్మదిస్తుంది కనుక 16 జీబీ ఉన్నది మేలు. "మోషన్ రేట్ 120" వంటి మాటలు అసలు రిఫ్రెష్ రేటును చెప్పవు. తెర 60 హెర్ట్జ్‌దే అయి ఉండవచ్చు. క్యూఎల్ఈడీ, ఓఎల్ఈడీ అనే పేర్లు వినడానికి కవల పిల్లల్లా ఉన్నా వస్తువులు వేరు. మొదటిది వెనుక దీపాలతో వెలిగే మామూలు ఎల్‌సీడీ తెరకే రంగులు మెరుగుపరిచే పొర వేసినది. రెండోదానిలో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది, అందుకే ఖరీదు. ఒకదాని ధరను రెండోదానితో పోల్చి "సగానికే వచ్చింది" అనుకోకూడదు.

అసలు ధర ఏది?

ఎమ్మార్పీ మీద గీత గీసి పక్కన రాసే శాతాన్ని నేను చదవడం మానేశాను. ఎమ్మార్పీ అనేది కంపెనీ వేసుకునే గరిష్ఠ ధర, అంతకు మించి అమ్మకూడదని మాత్రమే చట్టం చెబుతుంది. ఆ ధరకు టీవీ కొన్నవారు మీ ఊళ్లో ఎవరైనా ఉన్నారేమో అడిగి చూడండి. తగ్గింపును కొలవవలసింది నిన్నటిదాకా అదే వస్తువు నిజంగా అమ్ముడైన ధర నుంచి. అందుకు ప్రతి ఆదివారం సాయంత్రం ఐదు నిమిషాలు చాలు. ఎంచుకున్న మోడల్‌ను రెండు ఆన్‌లైన్ సంస్థల్లోనూ, కంపెనీ సొంత వెబ్‌సైట్‌లోనూ చూసి, ఆ రోజు ధర తేదీతో సహా రాసుకోవాలి. కీపా, బైహాట్కే వంటి సాధనాలు పాత ధరల గీతను చూపిస్తాయి కనుక ఆరు వారాలు ఆగలేనివారు వాటి సాయం తీసుకోవచ్చు.

ఒక లెక్క చూద్దాం. ఒక 43 అంగుళాల టీవీ ఎమ్మార్పీ 54,999 రూపాయలు, సేల్ ధర 29,999 అనుకుందాం. పేజీ మీద 45 శాతం తగ్గింపు అని కనిపిస్తుంది. మీ పుస్తకంలో మాత్రం గత ఐదు ఆదివారాల్లో ధర 31,499 దాటలేదని ఉంది. అంటే ఈ సేల్ మీకు నిజంగా ఇచ్చింది 1,500 రూపాయలు, అయిదు శాతం కూడా కాదు. అది తక్కువని నేననను, పదిహేను వందలు ఎవరికైనా పదిహేను వందలే. కాకపోతే ఆ 1,500 కోసం అనవసరమైన పెద్ద టీవీకో, పేరు వినని కంపెనీకో వెళ్లనక్కరలేదని ఈ లెక్క చెబుతుంది.

పాత ధరలు చూసేటప్పుడు పన్ను సంగతి గుర్తుంచుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలకు మించిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పాత పన్నుతో 40,000 రూపాయలకు అమ్మిన టీవీలో అసలు విలువ 31,250. దాని మీద 18 శాతం వేస్తే 36,875 అవుతుంది. అంటే దుకాణదారు తన జేబులోంచి ఒక్క రూపాయి తగ్గించకపోయినా ధర 3,125 తగ్గాలి. కనుక పెద్ద టీవీలకు ఆ తేదీకి ముందటి ధరతో పోల్చి తగ్గింపు చూపిస్తే, అందులో దాదాపు ఎనిమిది శాతం ప్రభుత్వం వదులుకున్న పన్నే. 32 అంగుళాలు, అంతకంటే చిన్నవాటికి ముందు నుంచీ 18 శాతమే కాబట్టి వాటికి ఈ మాట వర్తించదు.

కార్డు, వాయిదా, మార్పిడి

సేల్ ధర కింద కనిపించే "10 శాతం తక్షణ తగ్గింపు" దాదాపు ఎప్పుడూ ఒక పరిమితితో వస్తుంది. పరిమితి 1,500 అయితే 29,999 రూపాయల టీవీకి పది శాతం ప్రకారం రావలసిన మూడు వేలు రావు, పదిహేను వందలే వస్తాయి. ఏ బ్యాంకు కార్డు, క్రెడిట్‌కా డెబిట్‌కా, వాయిదాలకు మాత్రమేనా, కనీసం ఎంత కొనాలి అన్నవి చిన్న అక్షరాల్లో ఉంటాయి. వాటిని సేల్‌కు ముందు రోజే చదివి రాసుకోండి. ఆ కార్డు మీ దగ్గర లేక హైదరాబాదులో ఉన్న పిల్లల కార్డుతో కొనవలసి వస్తే, బిల్లు ఎవరి పేరున వస్తుందో ముందే చూసుకోండి, రేపు వారంటీకి అడిగేది ఆ బిల్లునే.

"నో కాస్ట్ ఈఎంఐ" అంటే ఖర్చు లేనిదని అర్థం చేసుకోకూడదు. బ్యాంకు వడ్డీ వేస్తుంది. ఆ వడ్డీకి సమానమైన మొత్తాన్ని అమ్మేవారు ముందుగా ధరలో తగ్గిస్తారు. కానీ వడ్డీ మీద పడే 18 శాతం జీఎస్టీని మనమే కట్టాలి, పైగా ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది. 30,000 రూపాయలను 15 శాతం వడ్డీతో ఆరు నెలల వాయిదాలకు పెడితే వడ్డీ సుమారు 1,270, దాని మీద జీఎస్టీ సుమారు 230. ప్రాసెసింగ్ ఫీజు 199 అయితే పన్నుతో కలిపి 235. మొత్తం 460 రూపాయలకు పైనే అదనం. సార్వా సొమ్ము డిసెంబరులో తప్పక వస్తుందనే ధీమా ఉన్నవారికి అది మోయలేని బరువేమీ కాదు. అయితే కొన్నిచోట్ల వాయిదాలు ఎంచుకుంటే కార్డు తగ్గింపు రాదు. అప్పుడు నష్టం 460 కాదు, 1,960. ఈ రెండూ కలిపి చూసుకుని నిర్ణయించుకోండి.

పాత టీవీ మార్పిడికి ఇచ్చే విలువ పైకి బాగానే కనిపిస్తుంది గానీ, డెలివరీకి వచ్చినవారు దాన్ని వెలిగించి చూసి, గీత పడిందనో మరొకటనో నిరాకరించవచ్చు. మీ ఊరి మెకానిక్ ఎంతకు తీసుకుంటారో ముందే అడిగి పెట్టుకుంటే ఆ పూట తడబాటు ఉండదు.

బాగుచేసేవారు ఏ ఊరి నుంచి రావాలి?

ఈ విషయం మీద నేను ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే దెబ్బ తిన్నది ఇక్కడే. కొన్నేళ్ల కిందట దసరాకు సఖినేటిపల్లి వైపున్న మా పిన్నిగారింటికి నేనే ఒక 43 అంగుళాల టీవీ ఎంపిక చేసి తెప్పించాను. అంతగా పేరు లేని కంపెనీ, మిగిలినవాటి కంటే ఐదు వేలు తక్కువ. అయిదో నెలలో తెర మధ్య నిలువుగా ఆకుపచ్చ గీత పడింది. వారంటీ ఉంది, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. కానీ ఆ కంపెనీ మెకానిక్ రాజమహేంద్రవరం నుంచి రావాలి, రేపు మాపు అంటూ మూడు వారాలు గడిచాయి. వచ్చినాయన తెర మార్చాలని చెప్పి వెళ్లారు, ఆ తెర వచ్చేసరికి మరో నెల పైన పట్టింది. ఆ మధ్య ఒకసారి వెళ్తే పిన్ని నాతో అన్న మాట ఇప్పటికీ మరిచిపోలేదు: "ఒరేయ్ అబ్బాయ్, తక్కువకి వచ్చిందన్నావు, బాగానే ఉంది. పాడైతే బాగుచేసేవాడు ఏ ఊరి నుంచి రావాలో ముందే కనుక్కోవద్దుట్రా?"

అప్పటి నుంచి ఏ టీవీ కొనాలన్నా, కొనకముందే ఆ కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి మా పిన్‌కోడ్ చెబుతాను. సర్వీసు సెంటర్ ఏ ఊళ్లో ఉంది, ఇంటికి వస్తారా, మమ్మల్నే తెమ్మంటారా, లంక గ్రామమైతే పంటు దాటి వస్తారా అని అడిగి, మాట్లాడిన తేదీ రాసుకుంటాను. అమలాపురం, భీమవరం, పాలకొల్లు, తణుకు, కాకినాడల్లో మనిషి ఉన్న కంపెనీకి రెండు వేలు ఎక్కువైనా ఇస్తాను. వారంటీ తీరాక తెర పోతే దాని ఖర్చు కొత్త టీవీ ధరలో చాలా భాగానికి వస్తుంది కనుక, తెరకు రెండు మూడేళ్ల వారంటీ ఇచ్చే మోడల్‌ను ఆ మేరకు చవకైనదిగానే లెక్కించాలి. డబ్బు తీసుకుని ఇచ్చే అదనపు వారంటీ టీవీ కంపెనీదా, మధ్యలో మరొకరిదా అన్నది కూడా చూడండి. మెకానిక్‌ను పంపేది వారే.

ఊళ్లోని దుకాణం

ఆన్‌లైన్ ధరను నేను దుకాణంలో బేరానికి కొలమానంగా వాడతాను. ఫోన్‌లో పేజీ తెరిచి, కార్డు తగ్గింపు కలపని ధరను చూపించి, "ఇంతకు ఉందండి, మీరెంతకిస్తారు?" అని మర్యాదగా అడిగితే చాలు. "ఆయ్, ఆ మోడల్ వేరండి, మన దగ్గరున్నది వేరండి" అని జవాబు వస్తే కోపం తెచ్చుకోకండి, అది నిజమే కావచ్చు; పుస్తకం తీసి చివరి అక్షరాలు సరిచూడండి. నిజంగా వేరైతే, మీరు రాసుకున్న నాలుగు వివరాల్లో ఏది ఎక్కువో, ఏది తక్కువో అడగండి. ధర దగ్గర ఆగిపోయినప్పుడు గోడ స్టాండు, బిగింపు, ఇంటికి చేర్చడం, స్టెబిలైజర్ కలపమని అడగవచ్చు. మన ఊళ్లలో వెయ్యి, పదిహేను వందల తేడాకు నేను దుకాణం వైపే మొగ్గుతాను. టీవీ వెలగకపోతే వెళ్లి అడగడానికి ఒక ముఖం ఉంటుంది.

కాలం విషయానికి వస్తే, సంక్రాంతి వారం బేరానికి అన్నిటికంటే చెడ్డది. దుకాణాలు కిటకిటలాడతాయి, మీకు తొందరన్నది వారికి తెలుస్తుంది. పండక్కి టీవీ ఉండి తీరాలంటే దసరా, దీపావళి మధ్యలోనే కొనండి. ఆగగలిగితే జనవరి మధ్యలో వచ్చే రిపబ్లిక్ డే సేళ్లను చూడండి. అప్పటికి ధాన్యం డబ్బు కూడా చేతిలో ఉంటుంది. ఆగస్టు సేళ్లు, అమెజాన్ ప్రైమ్ డే కూడా ఉన్నాయి గానీ, టీవీల వరకు దసరా, జనవరి సేళ్లే ఎక్కువ ఆశించదగినవని నా పుస్తకం చెబుతోంది. కొత్త ఏడాది మోడళ్లు వచ్చాక పాతవాటి ధర దిగుతుంది. నిరుటి మోడల్ మీ నాలుగు వివరాల్లో నెగ్గితే నిస్సంకోచంగా తీసుకోవచ్చు. పెట్టె మీద తయారీ నెల, సంవత్సరం తప్పక ఉంటాయి, చూడండి.

టీవీ ఇంటికి వచ్చిన రోజు

పెట్టె గుమ్మంలోకి రాగానే నాలుగు మూలలూ ఫోన్‌తో వీడియో తీయండి. మూల నలిగి ఉన్నా, పెట్టెకు చిల్లు ఉన్నా, ఓటీపీ చెప్పకముందే డెలివరీకి వచ్చినవారికి చూపించండి. ఎదుటే పెట్టె విప్పి చూపే సదుపాయం ఉంటే ఆ సదుపాయాన్నే ఎంచుకోండి. కొన్ని కంపెనీలు తమ మనిషి వచ్చేదాకా పెట్టె విప్పవద్దంటాయి. ఆ మాట పాటించండి. తెర వెలిగాక మొత్తం తెల్లగా, తరువాత మొత్తం నల్లగా ఉండే చిత్రం పెట్టి, మసక మచ్చలు, వెలగని చుక్కలు ఉన్నాయేమో గది చీకటి చేసి చూడండి. వెనుక స్టిక్కర్ మీది సీరియల్ నంబరు బిల్లు మీదిదానితో సరిపోవాలి. మార్చి ఇచ్చే గడువు కొన్నిచోట్ల ఏడు రోజులు, కొన్నిచోట్ల పది. ఆ గడువు దాటేదాకా అట్టపెట్టెనూ థర్మకోల్‌నూ అటక మీద ఉంచండి.

మరో మాట. మీ పాత టీవీ తెర బాగానే ఉండి, స్మార్ట్ సౌకర్యం లేకపోవడమో నెమ్మదించడమో మాత్రమే లోపమైతే, హెచ్‌డీఎంఐ పోర్టుకు తగిలించి యాప్‌లు నడుపుకునే స్ట్రీమింగ్ స్టిక్ ఒకటి కొని చూడండి. కొత్త టీవీ ఖర్చులో చిన్న వంతుతో పని జరుగుతుంది. స్టిక్‌లు, స్మార్ట్ స్పీకర్లు వాటిని తయారుచేసే సంస్థల సొంత సేళ్లలో మళ్లీ మళ్లీ బాగా తగ్గుతాయి కాబట్టి, మామూలు రోజుల్లో పూర్తి ధర పెట్టి వాటిని కొననక్కరలేదు.

బల్బులు, ప్లగ్గులు, కెమెరాలు

చిన్న పరికరాల్లో తగ్గింపు శాతం పెద్దగా ఉంటుంది, పనికిరాని వస్తువు ఇంటికి వచ్చే ప్రమాదమూ అంతే. మన ఇళ్లలో ఎక్కువ బల్బు హోల్డర్లు పిన్నువి, అంటే బీ22 రకం. మర హోల్డర్‌కు సరిపోయే ఈ27 బల్బుల సెట్టు చవకగా వచ్చిందని తెచ్చుకుంటే మళ్లీ అడాప్టర్లు కొనాలి. చాలా పరికరాలు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీదే పనిచేస్తాయి కనుక మీ రౌటర్‌లో అది ఉందేమో చూసుకోండి. గీజరుకు 16 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్గే పెట్టాలి, 6 లేదా 10 ఆంపియర్లది పెడితే వేడెక్కి కాలిపోవచ్చు. నీళ్ల మోటారును మామూలు స్మార్ట్ ప్లగ్గుతో నడపవద్దు, అది ఎలక్ట్రీషియన్ కాంటాక్టర్ (ఎక్కువ కరెంటును మోసే స్విచ్) పెట్టి చేయవలసిన పని. గోడలో బిగించే స్మార్ట్ స్విచ్‌లలో చాలావాటికి స్విచ్‌బోర్డులో న్యూట్రల్ తీగ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) ఉండాలి. పాత ఇళ్లలో చాలాచోట్ల అది ఉండదు. సేల్ పేజీ చూడకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఒక బోర్డు విప్పించి చూసుకోండి.

కరెంటు పోయి వచ్చే మన ప్రాంతంలో మరో చిక్కు ఉంది. చాలా స్మార్ట్ బల్బులు కరెంటు తిరిగి రాగానే వాటంతటవే వెలుగుతాయి. గాలివాన రాత్రి రెండింటికి కరెంటు వస్తే పడకగదుల్లో బల్బులన్నీ ఒక్కసారి భగ్గున వెలిగి పిల్లలు లేచి కూర్చుంటారు. కరెంటు పోకముందు ఉన్న స్థితినే గుర్తుంచుకునే అమరిక యాప్‌లో ఉందా అని కొనేముందు చూడండి. రౌటర్‌కు ఇన్వర్టర్ లైను లేకపోతే కరెంటు లేనప్పుడు ఇవేవీ ఫోన్‌కు పలకవు. కెమెరా కొనేటప్పుడు రికార్డింగు మెమొరీ కార్డులో నిలుస్తుందా, నెలనెలా రుసుము కట్టాలా అన్నదే అసలు ధర. వెయ్యి రూపాయలు తక్కువకు వచ్చిన కెమెరా రుసుముతో ఏడాదిలో ఆ వెయ్యిని తిరిగి తీసుకోగలదు.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను మన తీరం దాటింది. అది దీపావళి వెళ్లిన కొద్ది రోజులకే. అక్టోబరు, నవంబరులు మనకు తుఫాను నెలలు కనుక, కొత్త టీవీ ధరలోనే కరెంటు ఒక్కసారిగా ఎగిసినప్పుడు కాపాడే మంచి సర్జ్ ప్రొటెక్టర్ ఖర్చును, ఎర్తింగ్ సరిచూపించే కూలిని కలిపి లెక్క వేయండి. ఉరుములు మొదలైతే ప్లగ్గుతో పాటు కేబుల్ తీగను కూడా తీసేయాలి. పిడుగు ఆ దారిన కూడా వస్తుంది.

వాట్సాప్‌లో వచ్చే "పండగ లక్కీ డ్రా", "నాలుగు వేలకే స్మార్ట్ టీవీ" లింకులను తెరవకండి. సంస్థ యాప్‌ను మీరే తెరిచి, ఆ ధర అక్కడ ఉందేమో చూడండి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే, గంటలు గడవకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి. వస్తువు విషయంలో అన్యాయం జరిగితే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915. అప్పటికీ తేలకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, అమ్మినవారు ఏ నగరంలో ఉన్నా అక్కడికి వెళ్లనక్కరలేదు. ఫిర్యాదుకు బిల్లు, పెట్టె విప్పినప్పటి వీడియో, కస్టమర్ కేర్‌తో మాట్లాడిన తేదీలు జతచేయండి. ఆ తేదీలు ధరలు రాసుకున్న నోటు పుస్తకంలోనే, తరువాతి పేజీలో రాసి ఉంచుకోండి.